గుమ్మం కూడా మూయాలి

(స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు జరిగిన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగానికి వ్రాత రూపం. విషయం: ఫొటోలు, వీడియోలతో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టడం.)



ముందుగా ఒక మాట చెప్పాలి. నేను ఇంజనీరును కాను. నా చదువు సమాజశాస్త్రం. ఇరవై ఏళ్ళుగా కుటుంబ హింస మీద, స్త్రీల శ్రమ మీద పనిచేస్తున్నాను. అలాంటిదాన్ని ఫొటోల ప్రోగ్రామింగ్ గురించి మాట్లాడడానికి ఎందుకొచ్చాననే సందేహం మీకు రావచ్చు. నేను చేసిన ఒక తప్పు నన్ను ఈ పనిలోకి దించింది. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

పదేళ్ళ పైమాట. నేను పనిచేస్తున్న ఒక సంస్థ తరఫున మేం కుటుంబ హింస మీద నివేదిక తయారు చేశాం. కొన్ని గ్రామాల్లో స్త్రీలతో మాట్లాడి, వారి అనుమతితోనే ఫొటోలు తీశాం. అచ్చులో వాళ్ళ కళ్ళ మీద నల్ల పట్టీ వేశాం. అంతటితో మా బాధ్యత తీరిపోయిందనుకున్నాం. నివేదిక బయటికొచ్చిన నెల రోజులకు అందులో ఒకామె మీదికి అత్తింటివాళ్ళు గొడవకొచ్చారు. ఎలా గుర్తుపట్టారు? ఆమె చేతి మీది పచ్చబొట్టు, వెనక గుమ్మానికి వేసిన రంగు, పక్కన నిలబడ్డ పిల్ల. ఊళ్ళో వాళ్ళకు అవి చాలు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి వెళితే ఆమె తిట్టలేదు. "కళ్ళు మూశారు గాని మేడం, నా గుమ్మం మూయలేదు గదా" అంది.

అదే రోజుల్లో ఇంకో సంగతి తెలిసింది. వీడియోల్లో ముఖాలు మసక చేయించడానికి మేం వాటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి పట్నంలో ఒక స్టూడియోకి ఇచ్చేవాళ్ళం. పని అయ్యాక మసక చేసిన కాపీ మాకొచ్చేది. అసలు వీడియో మాత్రం ఆ కంప్యూటర్‌లో అలాగే ఉండిపోయేది. ఏ స్త్రీ ముఖాన్ని దాచాలని మేం వెళ్ళామో ఆ ముఖాన్నే ఒక అపరిచితుడి దగ్గర వదిలి వస్తున్నామన్నమాట. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ముఖాలు మసక చేసిపెట్టే చోట్లు చాలా ఉన్నాయి. వాటి విషయమూ ఇంతే. ఫొటో మన చెయ్యి దాటిపోతుంది. అది ఎవరి యంత్రంలో ఎన్నాళ్ళుంటుందో మనకు తెలియదు.

అందుకే ఈ పని నేర్చుకున్నాను. ఈ పనికి కావలసినంత మట్టుకు ప్రోగ్రామింగ్ మీరూ నేర్చుకోగలరని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

బొమ్మ అంటే గళ్ళు, గళ్ళంటే అంకెలు

కంప్యూటర్‌కు మనిషీ తెలియదు, ముఖమూ తెలియదు. దానికి కనిపించేవి అంకెలు. ఫొటోను బాగా పెద్దది చేసి చూస్తే చిన్న చిన్న చదరపు గళ్ళు కనబడతాయి. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. ఒక్కో గడికి మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఈ మూడింటి కలయికతో 1,67,77,216 రంగులు వస్తాయి. మన ఫోన్‌తో తీసిన ఫొటో అడ్డం 4000 గళ్ళు, నిలువు 3000 గళ్ళు ఉందనుకుందాం. అంటే కోటీ ఇరవై లక్షల గళ్ళు, మూడు కోట్ల అరవై లక్షల అంకెలు. ప్రోగ్రామ్ రాయడమంటే ఈ అంకెల్లో వేటిని, ఎలా మార్చాలో వరసగా చెప్పడం.

మొట్టమొదట ఫొటోను ఇలా అంకెలుగా మార్చి కంప్యూటర్‌లోకి ఎక్కించింది 1957లో, అమెరికాలో. రస్సెల్ కిర్ష్ అనే ఆయన తన మూడు నెలల కొడుకు ఫొటోతో ఆ పని చేశాడు. అది 176 గళ్ళు అడ్డం, 176 గళ్ళు నిలువు. రంగులు లేవు. ప్రతి గడీ అయితే నలుపు, కాకపోతే తెలుపు.

మనలో చాలామంది ఈ అంకెల మాట రాగానే "అమ్మో, లెక్కలు మావల్ల కాదు" అంటారు. కాసేపు పోచంపల్లి వెళ్దాం. ఇక్కత్ చీర డిజైన్ గళ్ళ కాగితం మీదే మొదలవుతుంది. ఏ గడికి ఏ రంగు రావాలో ముందే లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కట్టు ఒక్క గడి జరిగితే బొమ్మ చెదిరిపోతుంది. ఆసు పోయడం దగ్గర్నుంచి ఈ పనిలో పెద్ద భాగం ఆడవాళ్ళదే. ఆసు పోసి పోసి చెయ్యి పడిపోతున్న తల్లి బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేసిన సంగతి మీకు తెలుసు. గళ్ళలో ఆలోచించడం మన స్త్రీలకు కొత్త కాదు. పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు వేసే మనిషి కూడా అదే చేస్తోంది. ఆ పని ఆడవాళ్ళు చేస్తే అది ఇంటిపని, మహా అయితే చేతిపని. అదే లెక్క తెర మీద చేస్తే సాంకేతిక జ్ఞానం. ఏ పనికి ఏ పేరు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తున్నారనేది మన ఉద్యమాలకు పాత ప్రశ్నే. ఇక్కడా దాన్ని అడగాలి.

మొదటి అడుగులు

కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. మీ ఆఫీసులో టైపు పనికి వాడే లాప్‌టాప్ చాలు. కావలసినవి రెండు, రెండూ ఉచితం. ఒకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. రెండోది ఓపెన్‌సీవీ అనే సరంజామా. ఇది 1999లో ఇంటెల్ కంపెనీలో మొదలై, 2000లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఫొటోలు, వీడియోలతో చేసే వందలాది పనులకు తయారుగా ఉన్న ఆజ్ఞలు ఇందులో ఉంటాయి. పైథాన్‌తో పాటు వచ్చే పిప్ ద్వారా దీన్ని ఒక్క లైనులో ఎక్కించుకోవచ్చు. ఒకసారి ఎక్కించాక ఇంటర్నెట్ తీసేసి పనిచేసుకోవచ్చు. మన పనికి ఇదే ముఖ్యం. ఫొటో గది దాటదు.

ఇప్పుడు తెర మీద నేను రాసి చూపించినది మొత్తం నాలుగు లైన్లు. మొదటి లైను ఓపెన్‌సీవీని పిలుస్తుంది. రెండోది ఇమ్‌రీడ్ అనే ఆజ్ఞతో ఫొటోను చదువుతుంది. మూడోది ఫొటోలో ఒక భాగాన్ని, అంటే ఫలానా వరస నుంచి ఫలానా వరస దాకా, ఫలానా నిలువు నుంచి ఫలానా నిలువు దాకా ఉన్న అంకెలన్నింటినీ 0 చేస్తుంది. అక్కడ నల్ల చదరం వస్తుంది. నాలుగోది ఇమ్‌రైట్‌తో కొత్త పేరు పెట్టి భద్రపరుస్తుంది. మన పనిలో సగం ఇదే. ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చేస్తుంది.

అయితే మొదట్లో అందరూ తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. నేనూ వాటి దగ్గర రోజులు పోగొట్టుకున్నాను. అందుకే ముందే చెబుతున్నాను.

ఫొటో ఉన్న చోటు తప్పుగా రాస్తే ఇమ్‌రీడ్ "దొరకలేదు" అని ఆగిపోదు. ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. తర్వాతి లైను దగ్గర అర్థం కాని పొరపాటు చూపిస్తుంది. విండోస్‌లో ఫైలుకో ఫోల్డరుకో తెలుగులో పేరు పెట్టినా చాలాసార్లు ఇదే జరుగుతుంది. మన భాషలో పేరు పెట్టుకునే హక్కు మనకు లేదా అని కోపం వస్తుంది. రావలసిందే. కాని పని జరగాలి గనుక ప్రస్తుతానికి ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.

రెండోది, ఓపెన్‌సీవీ రంగులను తలకిందులుగా చదువుతుంది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరసలో. ఇది తెలియక వేరే సరంజామాలో ఫొటో చూస్తే మనుషులు నీలంగా కనిపిస్తారు. ఫొటో పాడయిందని కంగారు పడకండి.

మూడోది, మనం మామూలుగా ముందు అడ్డం, తర్వాత నిలువు చెప్పుకుంటాం. ఇక్కడ ముందు పైనుంచి కిందికి ఎన్నో వరస, ఆ తర్వాత ఎడమ నుంచి ఎన్నో నిలువు. ఇది తారుమారైతే ముఖాన్ని వదిలేసి గోడను మూస్తాం.

పరీక్ష బొమ్మలో ఉన్న స్త్రీ

ఈ శాస్త్రం నేర్చుకోవడానికి ఏ పాత పుస్తకం తెరిచినా ఒక అమ్మాయి ఫొటో కనబడేది. నెత్తిన ఈకల టోపీ, భుజం మీదుగా వెనక్కి చూసే చూపు. ఆ ఫొటోను "లీనా" అనేవారు. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులకు పరీక్షించడానికి ఒక బొమ్మ కావలసి వచ్చింది. చేతికందిన ప్లేబాయ్ పత్రిక 1972 నవంబరు సంచిక నుంచి నడిమి పేజీ తీసి, భుజాల దాకా స్కాన్ చేశారు. 512 గళ్ళు అడ్డం, 512 గళ్ళు నిలువు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఫొటోను కుదించడం, మసక చేయడం, పదును పెట్టడం లాంటివన్నీ ఆమె ముఖం మీదే పరీక్షించింది. ఓపెన్‌సీవీతో పాటు వచ్చే నమూనా బొమ్మల్లో కూడా ఆమె ఉంది.

ఆమె ఆ పత్రికకు మోడల్‌గా పనిచేసింది. కాని ఈ శాస్త్రానికి నీ ముఖం వాడుకోవచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఇంజనీరింగు తరగతుల్లో కూర్చున్న అమ్మాయిలకు, మగ పత్రిక నుంచి కత్తిరించిన స్త్రీ బొమ్మే మొదటి పాఠం అయితే ఆ గది ఎవరిదో అర్థమవుతుంది. స్త్రీలు దీన్ని ప్రశ్నిస్తూ వచ్చారు. 2019లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఆ మోడలే, తను మోడలింగు ఎప్పుడో మానేశానని, ఈ రంగం నుంచి కూడా విరమించుకునే సమయం వచ్చిందని చెప్పింది. చివరికి ఐ ట్రిపుల్ ఇ కంప్యూటర్ సొసైటీ 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ బొమ్మ ఉన్న వ్యాసాలను తీసుకోవడం మానేసింది. స్కాన్ చేసిన 51 ఏళ్ళకు.

ఇది మనకెందుకంటే, మనమూ పరీక్షల కోసం ఎవరి ఫొటోనో వాడుకుంటాం. కేసుల ఫొటోల మీద సాధన చేయకండి. మీ కుండీ మొక్క, మీ మేజా బల్ల, మీ సొంత ముఖం చాలు.

మసక చేయడం వేరు, చెరిపేయడం వేరు

ఇది ఈ రోజు ప్రసంగంలో ముఖ్యమైన భాగం. దయచేసి రాసుకోండి.

మసక చేయడమంటే సగటు తీయడం. ఒక గడిని, దాని చుట్టూ ఉన్న 8 గళ్ళను తీసుకుని, తొమ్మిదింటి సగటును ఆ గడిలో పెడతాం. చుట్టూ 8 గళ్ళలో 200 ఉండి, నడుమ 20 ఉందనుకోండి. మొత్తం 1620, సగటు 180. నడుమ ఉన్న నల్లచుక్క చుట్టుపక్కల్లో కలిసిపోతుంది. ఫొటో అంతా ఇలా చేస్తే అంచులు కరిగిపోతాయి. తొమ్మిది గళ్ళకు బదులు వందల గళ్ళ సగటు తీస్తే ఇంకా మసక అవుతుంది.

కాని ఆ 20 పూర్తిగా పోయిందా? పోలేదు. సగటు 200 బదులు 180 అయింది గదా, ఆ తేడాలో అది దాగి ఉంది. మసకలో సమాచారం పలచబడుతుంది గాని నశించదు. 2016లోనే అమెరికా పరిశోధకులు, మసక చేసిన ముఖాలనూ, పెద్ద గళ్ళుగా మార్చిన ముఖాలనూ కంప్యూటర్‌కు నేర్పి గుర్తుపట్టించవచ్చని చూపారు. అక్షరాలు, అంకెల విషయంలో ఇది మరీ తేలిక. ఎఫ్.ఐ.ఆర్. కాపీ మీది ఫోన్ నంబరును మసక చేశారనుకోండి. ఒక్కో చోట ఉండగలిగేవి 10 అంకెలే. పదింటినీ ఒక్కొక్కటిగా మసక చేసి ఏది సరిపోతుందో చూస్తే సరి.

2007లో జరిగిన ఒక సంగతి చెబుతాను. పిల్లల మీద లైంగిక హింసకు పాల్పడుతూ ఆ ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక మనిషి తన ముఖాన్ని సుడిలా తిప్పేసి పెట్టాడు. సుడి తిప్పడమంటే గళ్ళను చెరపడం కాదు, చోటు మార్చడమే. జర్మనీ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పారు. ముఖం బయటపడింది. ఇంటర్‌పోల్ ఆ ఫొటోను ప్రకటించిన కొన్ని రోజుల్లోనే థాయ్‌లాండ్‌లో అతణ్ణి పట్టుకున్నారు. అతను దొరికినందుకు సంతోషించాలి. కాని అదే పద్ధతి మన దగ్గరికి వచ్చిన స్త్రీ మీద ప్రయోగించే భర్త కూడా ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి.

కాబట్టి నియమం ఇది: దాచవలసిన చోట అంకెలను 0 చేయండి. నల్ల చదరం అందంగా ఉండదు. పత్రికవాళ్ళు, నిధులిచ్చేవాళ్ళు "కొంచెం మసక చేస్తే చాలదా, ఫొటో బతికుంటుంది" అంటారు. ఫొటో బతకడం కంటే మనిషి బతకడం ముఖ్యమని చెప్పండి.

ఫోన్‌లో మార్కర్ పెట్టి గీసేటప్పుడు కూడా జాగ్రత్త. కొన్ని మార్కర్లు పైకి నల్లగా కనిపిస్తాయి గాని కొంచెం పారదర్శకంగా ఉంటాయి. వెలుగు పెంచితే కింద ఉన్నది కనబడుతుంది. పి.డి.ఎఫ్.లో నల్ల పెట్టె పెడితే అది పైన పరిచిన గుడ్డ లాంటిదే. దాన్ని తొలగిస్తే కింద అంతా ఉంటుంది.

ఫొటోలో కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. దాన్ని ఎక్సిఫ్ అంటారు. ఏ ఫోన్‌తో, ఏ తేదీన, ఏ సమయంలో తీశారో, లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఏ చోట తీశారో కూడా ఫైలులోనే రాసి ఉంటుంది. ఒక్కోసారి మనం దిద్దకముందటి ఫొటో చిన్న రూపం కూడా అందులోనే మిగిలిపోతుంది. ముఖం మూసి, షెల్టర్ హోం చిరునామా ఇచ్చినట్టవుతుంది. ఇమ్‌రీడ్‌తో చదివి మామూలు ఇమ్‌రైట్‌తో కొత్త ఫైలుగా రాస్తే గళ్ళు మాత్రమే వస్తాయి, ఈ పాత సమాచారం రాదు. అయినా పంపేముందు కొత్త ఫైలు వివరాలు తెరిచి ఒకసారి చూసుకోండి.

ఆ తర్వాత ముఖం వదిలేసి చుట్టూ చూడండి. పచ్చబొట్టు, తాళిబొట్టు, మెట్టెలు, చీర, బడి యూనిఫారం, గోడ మీది రాత, బండి నంబరు, గుమ్మం. చట్టం కూడా ఇదే అంటోంది. అత్యాచార కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఇది పాత శిక్షాస్మృతిలో 228ఎ. పేరు ఒక్కటే కాదు, ఆమె ఎవరో దూరం నుంచైనా తెలిసిపోయే ఏ వివరమూ ప్రచురించకూడదని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టంగా చెప్పింది. కంప్యూటర్ ముఖాన్ని వెతికిపెట్టగలదు. ఏ గుమ్మం ఎవరిదో ఊరికి తెలుసు, యంత్రానికి తెలియదు. అందువల్ల చివరి చూపు ఆమెదే కావాలి. దిద్దిన ఫొటోను ఆమెకు చూపించి, "దీన్ని చూస్తే నిన్నెవరైనా గుర్తుపడతారా?" అని అడగండి. నేను ఆనాడు అడగని ప్రశ్న అదే.

వీడియో: ఒక్క ఫొటో కాదు, వేల ఫొటోలు

వీడియో అంటే వేగంగా తిరిగే ఫొటోల కట్ట. సెకనుకు 25 గాని, 30 గాని ఉంటాయి. ఒక్కో ఫొటోను ఫ్రేము అంటారు. పది నిమిషాల వీడియోలో సెకనుకు 30 చొప్పున 18,000 ఫ్రేములు. ప్రోగ్రామ్ ఏం చేయాలి? వీడియో తెరవాలి, ఒక ఫ్రేము చదవాలి, దానిలో ముఖం మూయాలి, కొత్త వీడియోలో రాయాలి, ఇంకో ఫ్రేము ఉందా అని చూడాలి. ఉంటే మళ్ళీ అదే. లేకపోతే రెండు వీడియోలనూ మూసేయాలి. చదవడానికి వీడియోకాప్చర్, రాయడానికి వీడియోరైటర్ అనే ఆజ్ఞలున్నాయి. రాసే వీడియో కొలతలు ఫ్రేము కొలతలతో సరిగ్గా కలవాలి. కలవకపోతే ఏ పొరపాటూ చూపించకుండా ఖాళీ ఫైలు మిగులుతుంది.

18,000 ఫ్రేముల్లో ముఖం ఎక్కడుందో చేత్తో చూపించలేం గనుక ముఖాన్ని వెతికే పనిని యంత్రానికి అప్పగిస్తాం. దీనికి 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు ఒక పద్ధతి కనిపెట్టారు. కళ్ళున్న పట్టీ బుగ్గల కంటే నల్లగా ఉంటుంది, ముక్కు దూలం రెండు కళ్ళ కంటే తెల్లగా ఉంటుంది. ఇలాంటి నలుపు తెలుపుల తేడాలను వేలాది ఫొటోల నుంచి యంత్రానికి నేర్పి, చిన్న కిటికీని ఫొటో అంతా జరుపుతూ వెతికిస్తారు. ఈ పద్ధతి ఓపెన్‌సీవీలో తయారుగా ఉంది. దీని కంటే మెరుగైన యూనెట్ అనేదీ ఉంది. దాన్ని వాడండి.

కాని నమ్మి వదిలేయకండి. పాత పద్ధతి ఎదురుగా చూసే ముఖాలకు తయారైంది. మనతో మాట్లాడే స్త్రీ ఎలా కూర్చుంటుంది? తలవంచుకుని, కొంగు చాటు చేసుకుని, పక్కకు తిరిగి, చేతుల్లో ముఖం దాచుకుని. యంత్రం పోల్చుకోలేనిది సరిగ్గా అక్కడే. 17,990 ఫ్రేముల్లో ముఖం దొరికి 10 ఫ్రేముల్లో దొరకకపోతే సెకనులో మూడో వంతు ముఖం బయటపడుతుంది. వీడియో ఆపి చూసేవాడికి ఒక్క ఫ్రేము చాలు. అందుకని ముఖం దొరకని ఫ్రేములో, కిందటి ఫ్రేములో మూసిన చోటునే ఇంకాస్త పెద్దదిగా మూయమని ప్రోగ్రామ్‌లో రాయాలి. తర్వాత మనమే కూర్చుని వీడియోను నెమ్మదిగా చూడాలి. ఒక్క మనిషే మాట్లాడే వీడియో అయితే మొదటి నుంచి చివరి దాకా తెర పై సగాన్ని మూసేయడం అన్నిటికన్నా క్షేమం.

ఓపెన్‌సీవీ బొమ్మనే చూస్తుంది, ధ్వనిని పట్టించుకోదు. కొత్త వీడియోలో మాటలుండవు. దీన్ని నేను మేలనుకుంటాను. గొంతు కూడా గుర్తింపే. గొంతును సన్నగానో బొంగురుగానో మార్చితే దాన్ని వెనక్కి మార్చడం కష్టం కాదు. ఆమె మాటలను మరొకరు చదివి రికార్డు చేయడమో, కింద అక్షరాల్లో వేయడమో మంచిది. ధ్వనిని మళ్ళీ జతపరచడానికి ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అనే ఉచిత సాధనం ఉంది.

ముఖాలను ఎవరు, ఎందుకు చదువుతున్నారు?

ముఖం ఉందో లేదో కనిపెట్టడం ఒక పని. అది ఎవరి ముఖమో చెప్పడం వేరే పని. మొదటిది మనం దాచడానికి వాడుతున్నాం. రెండోది ప్రభుత్వాలు, కంపెనీలు మనల్ని పట్టుకోవడానికి వాడుతున్నాయి. రెండింటికీ పునాది ఒకటే గళ్ళు. అందుకే మొదటిది నేర్చుకుంటే రెండో దాన్ని ప్రశ్నించే శక్తి వస్తుంది.

2018లో జాయ్ బువొలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల యంత్రాలను పరీక్షించారు. తెల్ల చర్మం మగవారి విషయంలో తప్పులు 0.8 శాతానికి మించలేదు. నల్ల చర్మం స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్ళాయి. నేర్పిన ఫొటోల్లో ఎవరు ఎక్కువున్నారో వాళ్ళనే యంత్రం బాగా చూస్తుంది. అదొక తటస్థమైన కన్ను కాదు.

ఇది మనకు దూరం కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఆ ఫొటోల్లో పాత ఫొటోలకే మళ్ళీ ఫొటో తీసి పెట్టడం లాంటి అక్రమాలు జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే చెప్పింది. మోసం ఆగలేదు గాని సిగ్నల్ లేని చోట ఎండలో నిలబడ్డ స్త్రీ కూలి మాత్రం ఆగింది. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపును తప్పనిసరి చేశారు. యంత్రం పోల్చుకోకపోతే ఆ గర్భిణికి, బాలింతకు ఎవరు జవాబు చెబుతారు? అంగన్‌వాడీ టీచరే తిట్లు తినాలి. హైదరాబాద్‌లో 2021 లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు రోడ్డు మీద ఆపి మాస్కు తీయమని తన ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. మన ముఖం మీద మనకు హక్కుందా అనేదే ఆ ప్రశ్న.

అసలును ముట్టుకోవద్దు

చివరిగా సాక్ష్యం సంగతి. పైన చెప్పినదంతా ప్రచురణకు. కోర్టుకు కావలసింది దిద్దని అసలు ఫైలు. అందుకే మొదటి రోజు నుంచే రెండు ఫోల్డర్లు పెట్టండి. ఒకటి అసలుకు, ఒకటి పనికి. అసలును ఎన్నడూ తెరిచి దిద్దకండి, కాపీ తీసి దాని మీద పనిచేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. సాక్ష్యాన్ని డాక్యుమెంటుగా తెప్పించుకోండి.

మన ఫోన్లు భద్రపరిచే జేపెగ్ పద్ధతి కూడా కుదింపే. దాని మూలసూత్రాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురిలో ఒకరి పేరు కమిశెట్టి రామమోహనరావు. ఇది చాలా తెలివైన కుదింపు. కాని దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పని కాపీలను పి.ఎన్.జి.గా భద్రపరిస్తే ఆ నష్టం ఉండదు.

ఫైలు చేతికి రాగానే దాని హాష్ తీయండి. ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది. పైథాన్‌లో హాష్‌లిబ్ అనేది ముందే ఉంటుంది. ఎస్.హెచ్.ఎ. 256 అనే పద్ధతిలో 64 అక్షరాలు, అంకెలు వస్తాయి. ఫైలులో ఒక్క గడి మారినా ఆ వరసంతా మారిపోతుంది. దాన్ని తేదీతో, సంతకంతో రిజిస్టరులో రాసిపెట్టండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హాష్ రాయాలి. మీ లాయరు అడిగేనాటికి మీ దగ్గర ఉంటుంది.

వేలిముద్రల్లో ఇంకో రకం ఉంది. ఫొటోను కొంచెం కుదించినా, చిన్నది చేసినా దాదాపు మారకుండా ఉండేది. 2021లో మొదలైన స్టాప్ ఎన్.సి.ఐ.ఐ. అనే సేవ దీని మీదే నడుస్తుంది. తన అంతరంగిక ఫొటోను ఎవరో బయటపెడతామని బెదిరిస్తుంటే, పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ తన ఫోన్‌లోనే ఆ ఫొటో వేలిముద్ర తీసి పంపవచ్చు. ఫొటో ఆమె దగ్గరే ఉంటుంది. చేరిన కంపెనీలు ఆ వేలిముద్రకు సరిపోయే ఫొటోలను తమ వేదికల మీద ఆపుతాయి. మన దగ్గరికి ఏడుస్తూ వచ్చే కాలేజీ అమ్మాయిలకు "ఆ ఫొటో మాకు చూపించమ్మా" అనే ముందు ఈ మాట చెప్పండి.

ఇంటికి వెళ్ళాక

ఈ వారం పైథాన్, ఓపెన్‌సీవీ ఎక్కించండి. వచ్చే వారం మీ సొంత ఫొటోలో ఒక చదరాన్ని నల్లగా చేయండి. మూడో వారం ముఖం వెతికించండి, ఎన్నిసార్లు తప్పిందో రాసుకోండి. నాలుగో వారం ఒక నిమిషం వీడియో. ఒంటరిగా చేయకండి. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోండి. రాయడం వచ్చినామె కంప్యూటర్ ముందు, ఊరు తెలిసినామె పక్కన. ఏం మూయాలో చెప్పేది రెండో ఆమే.

మా నివేదికలో ఫొటో పడిన ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో, కూతురితో ఉంటోంది. ఈ ప్రసంగానికి వచ్చే ముందు ఫోన్ చేసి, నీ సంగతి చెప్పవచ్చా అని అడిగాను. "చెప్పండి మేడం, ఊరి పేరు మాత్రం వద్దు" అంది. చెప్పలేదు.